లేబులు మీద లేబులు

కందుకూరు కాలేజీలో ముప్పై ఒక్క యేళ్లు
జువాలజీ ల్యాబు తాళాలు నా మొలతాడుకే వేలాడేవి.
చదివింది ఏడో తరగతి.
విన్నది మాత్రం ఇంటర్మీడియట్,
ముప్పై ఒక్కసార్లు.

కోతకి పచ్చకప్పలు కావాలనేవాళ్లు.
మన్నేటి పాయల్లో టార్చిలైటేసి పట్టేవాణ్ణి.
గోనెసంచిలో ఒకటో రెండో
గోండ్రుకప్పలు కలిసొచ్చేవి.
"ఇవొద్దు రవణయ్యా, వదిలెయ్" అనేది వకుళాదేవి మేడం.
వద్దనిపించుకోవడమే వాటికి ఆయుష్షు.

ఒకసారి మాత్రం వదలమనలేదు.
అరచేతిలో పెట్టుకుంది.
పులిపిర్లొస్తాయని పిల్లకాయలు వెనక్కి జరిగారు.
అది బెదిరి ఆమె చేతిలోనే తడిపింది.
చెయ్యి కడుక్కోకుండానే పాఠం చెప్పింది:

వెన్నుపూస ఉంది గనక మన వైపే.
నీళ్లలో పుట్టి నేలమీద బతికేది గనక ఉభయచరం.
పెరిగేటప్పుడు తోక పోగొట్టుకుంది గనక అనూరా.
ఆపైన కుటుంబం, బ్యూఫోనిడే.
ఈ ఇంట్లో ఎవరికీ పళ్లుండవు,
అందరూ ముసలమ్మలే అనుకోండి.
కళ్ల వెనకాల ఉబ్బిన ఆ రెండు మూటలూ విషం,
కరిచినవాడికే చేదు,
దారిన పోయేవాణ్ణి ఏమీ అనదు.
పెద్దగా దూకదు, నడుస్తుంది,
పొగాకు బేరన్ నించి ఇంటికెళ్లే కూలోళ్ల మాదిరి.
నోటితో నీళ్లు తాగదు,
తడి మట్టి మీద కూర్చుంటే పొట్ట కింద తోలే తాగుద్ది.
మింగేటప్పుడు కళ్లు మూస్తుందనుకుంటాం.
మూయదు, లోపలికి దింపుద్ది,
ఆ కళ్లతోనే పురుగుని గొంతులోకి నెడుతుంది.

ఇంకోటి చెప్పింది, గొంతు తగ్గించి.
మగదాని లోపల, వృషణం అంచున,
ఒక తునక ఉంటుందంట,
విచ్చుకోకుండా ఆగిపోయిన అండాశయం.
వెనక బెంచీలో ఎవడో కిసుక్కుమన్నాడు.
నాకు నవ్వు రాలేదు.
పెళ్లాం పోయినాక ఇద్దరు ఆడపిల్లకాయలకి
రోజూ జడలేసిన చేతులివి.

తలుపు సందున నలిగి చచ్చినదాన్ని ఒకదాన్ని
ఫార్మలిన్ సీసాలో పెట్టాం.
పేరు మేడమే రాసింది. మన పేర్ల మాదిరే,
ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనక:
బ్యూఫో మెలనోస్టిక్టస్.
నల్లచుక్కలదని అర్థమంట.

ఆమె రిటైరయ్యే ముందు కొత్త కాగితం తెచ్చింది.
"ఇంటిపేరు మార్చారు రవణయ్యా.
డుట్టాఫ్రైనస్ అంటున్నారిప్పుడు.
మన దేశంలోనే కప్పల్ని చదివినాయన పేరు కలిపి."
సీసాలో ఉన్నదానికి చెప్పాలా మేడం, అన్నాను.
పాతది గీకి అంటించమంది.
గీకలేదు.
మైదా ఉడకేసి దానిమీదే అంటించాను.

నేను పుట్టినప్పుడు ఈ ఊరు నెల్లూరు జిల్లా.
మూడో తరగతిలో ఉండగా ప్రకాశం.
పింఛను కాగితాలకి తిరిగేటప్పటికి మళ్లీ నెల్లూరన్నారు.
ఏ ఊరి ఆఫీసుకి పోవాలో తెలీక
బస్టాండులో టీ తాగతా కూర్చున్నాను.
ఇంకా మారుద్దని కూడా అంటన్నారు.
మన్నేరు మాత్రం ఇసకలో
తన దోవన తాను పోతానే ఉంది, నీళ్లున్న ఏడు.

నిన్న రాత్రి వాయుగుండం.
పామూరు రోడ్డు మలుపులో కొత్త బోర్డు,
దానికో లైటు, లైటుకి ఉసిళ్లు,
ఉసిళ్ల కింద పదీ పదిహేను గోండ్రుకప్పలు.
బోర్డు మీద ఏముందో ఒక్కటీ తలెత్తి చూళ్లేదు.
ఒక మగది తొందరలో ఇంకో మగదాని వీపెక్కింది.
కిందది అరిచింది, కిరుక్ కిరుక్మని,
నేను కాదు, నువ్వనుకునేది నేను కాదు, దిగమని.
అది తన గురించి తాను చెప్పుకోగా
ఇన్నేళ్లలో నేను విన్నది ఆ ఒక్క మాటే.

పొద్దున్నే పోయి చూస్తే
తాసిల్దారు ఆఫీసు ముందు గుంటలో
రెండుపేటల నల్లపూసలు,
నాచు చుట్టూ బారల కొద్దీ తిరిగి ఉన్నాయి.
లారీలు తిరిగే చోటు.
నాలుగు ఇటికరాళ్లు తెచ్చి చుట్టూ పెట్టొచ్చాను.
ఎవరివని వాచ్‌మన్ అడిగాడు.
రెండు పేర్లూ నోటిదాకా వచ్చాయి.
గొడుగు ముడుస్తా నిలబడ్డాను.