కేబిన్ చెక్క

నీళ్ళు పడ్డచోట కన్నం ఉండదు.
పరశయ్య చెప్పేదాకా నాకీ సంగతి తెలీదు.
నాలుగు వానాకాలాలు
మిషను మీద ఎక్కడ చుక్క పడితే
సరిగ్గా ఆ పైన పెంకు మార్పించాను.
చుక్క మాత్రం పగబట్టినట్టు
ఎవరో ఒకరి పట్టు జాకెట్టు మీదే పడేది.

కురుపాం మార్కెట్ వెనక, మేడ మీది గది నాది.
కింద ఇత్తడి సామాన్ల కొట్టు.
ముందు చెక్క వసారా, అక్కణ్ణించి చూస్తే
రెండు గోడల మధ్య జానెడు హార్బరు.
హుద్‌హుద్ నాడు కప్పు ఒకసారి లేచి
మళ్ళీ కూర్చుంది.
కూర్చోవడమే కొంచెం తేడాగా కూర్చుంది.
వసారా చెక్కలు మెత్తబడ్డాయి.
కొలతలకొచ్చిన ఆడవాళ్ళని
"ఆ మూడోదాని మీద అడుగెయ్యకండి" అనేదాన్ని,
రండి కూర్చోండికి బదులు.

తెడ్డు పరశయ్య బోట్ల వడ్రంగి.
వేట నిషేధం నాళ్ళు హార్బరు వదల్లేనన్నాడు.
వానా అతనూ ఒకే వారం వచ్చారు.
పైకెక్కి చెంబుతో ఒక్కో వరసా తడుపుతూ
"కారిందా?"
"లేదు."
"ఇప్పుడో?"
"లేదు."
కప్పు వెన్ను దగ్గర దొరికింది.
అక్కడ దూరిన నీరు
ఆరడుగులు వాసం పట్టుకు నడిచి
ఒక మేకు దగ్గర ఆగి, ఆలోచించుకుని,
అప్పుడు దిగుతోంది.

టీ గ్లాసుతో మెడ ఎత్తి,
"తిన్నింటి వాసాలు లెక్కెడతన్నాననుకోకు తల్లీ.
పదకొండు. రెండు పోనాయి."
పత్తి పీచు, గుగ్గిలం, నూనె.
గది రెండ్రోజులు సాంబ్రాణి వేసినట్టుంది.
"బోటుకి కిందనుంచొస్తాది నీరు,
ఇంటికి పైనుంచొస్తాది.
పని ఒకటే."

వసారాకి కొత్త టేకు ధర చెప్పాడు.
కత్తెర కింద పెట్టేశాను.
నా మొహం చూసి,
"ఇరిసిన బోటు సెక్కున్నాది. మద్ది.
ఇరవయ్యేళ్ళు ఉప్పు తాగినాది,
పురుగు దీని జోలికి రాదు."

రిక్షా మీద వచ్చాయి.
ఎంత చిత్రిక పట్టినా చేప వాసన పోలేదు.
మూడు పిల్లులు వచ్చి, మూల మూలా మూచూసి,
చేప ఎక్కడుందో తేలక
అక్కడే కాపురం పెట్టాయి.
చివరికి ఒక చెక్క తగ్గింది.
కేబిన్ పక్కది తెచ్చి వేశాడు.
నీలం మీద తెల్లగా 217,
ముందరి అక్షరాలు రంపం తినేసింది.
గీకేస్తానన్నాడు.
ఉండనీ, నీలం బాగుంది అన్నాను.
అంతకుమించి ఏమీ అనుకోలేదు.

శ్రావణంలో దేముడమ్మ వచ్చింది,
కోడలి జాకెట్టు గుడ్డ చంకలో పెట్టుకుని.
ఎత్తిన కాలు అలాగే ఆపింది.
"ఇదెక్కడిది ఖుర్షీదమ్మా?"
చెప్పాను.
గుడ్డ పక్కన పెట్టి కిందే కూర్చుంది.
"మాదే. అప్పుకి పోనాది."
అరచెయ్యి అంకెల మీద పెట్టింది,
జ్వరం చూసినట్టు.
"రెండూ ఏడూ పెయింటరేసినాడు.
నడిమి ఒకటి మా ఓడేసినాడు, సరదాకి.
సూడు, ఒంకర."

నిజమే, వంకర.
భుజం దగ్గర పావంగుళం తేడా పట్టేస్తాను నేను,
రెండు నెలలుగా దీని మీంచి తిరుగుతూ
చూడలేదు.

పీకించి ఇస్తానన్నాను.
నవ్వింది.
"పీకితే నీకు కన్నం, నాకు కట్టె.
ఉండనీ."
జాకెట్టు కూలి దగ్గర మాత్రం
ఇరవై తగ్గించేదాకా కదల్లేదు.
వెళ్ళేటప్పుడు, మోకాళ్ళ నొప్పుల మనిషి,
చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని
ఆ చెక్కని దాటి అవతల అడుగేసింది.

ఇల్లు కారడం లేదు.
చెక్కలన్నీ గట్టివే, ఇద్దరు గెంతినా కిర్రుమనవు.
అయినా కొలతలకొచ్చినవాళ్ళతో మళ్ళీ అంటున్నాను,
"దాని మీద అడుగెయ్యకండి."
ఎందుకని అడిగితే
రంగు ఇంకా ఆరలేదంటాను.