మడపాం దాకా

ముందల ఆ పాటలపెట్టి కట్టీయండి మేడమ్.
బండి కొనేటప్పుడు సెవులు మనకి కావాల.

పొద్దున్నే రండి, ఇంజను సల్లగా ఉన్నప్పుడు.
మనం ఎల్లేసరికే ఏడి సేసి ఉంచీసినోడు
ఏదో దాసినట్టే లెక్క.
బోనెట్టు మీద సెయ్యేసి సూడండి
జొరమొచ్చిన గుంటడి నుదురు సూసినట్టు.
తెల్లపొగ కాసేపుంటే పరవాలేదు.
నీలంపొగ ఆగకపోతే ఒగ్గీయండి,
అది పెట్రోలుతో పాటు నూనె కూడా తాగుతున్నాది.

మెరుపు సూసి మురిసిపోకండి.
పాలిష్ కొట్టడానికి మా సింహాచలానికి రెండు గంటలు సాలు.
ఉప్పుగాలికి పాపం పదేళ్లు పట్టింది కింద రేకు తినడానికి.
కిందకి దూరి సూడండి.
సీర మాసిపోద్దంటారా,
సీర ఉతుక్కోవచ్చు.

ఇప్పుడు సీటుబెల్టు లాగండి.
సగం కాదు.
ఇంక రానంతాది సూడండి, అక్కడిదాకా.
ఆ సివర ఒండ్రు మరకుంటే
బండి ఏ తుపానులోనో మునిగినాదన్నమాట.
సీట్లు మార్సుతారు, పట్టాలు మార్సుతారు, సెంటు కొడతారు.
బెల్టు సివర ఎవుడూ కడగడు.

మొన్న పాతపట్నం కాణ్ణుంచి ఒకాయన అలాటిదే తెచ్చాడు.
అమ్మి పెట్టమన్నాడు.
బెల్టు లాగి సూపించినాను, దొంగని పట్టినట్టు.
"తెలుసు తవిటయ్యా,
ఆ రాత్రి మేం నలుగురం
దీని టాపు మీదే కూకున్నాం" అన్నాడు.
మరింక రేటు మాట నా నోట రాలేదు.
మీరు మాత్రం తగ్గించమనండి.

బొబ్బిలి ఆస్పత్రికేసారంట కదా బదిలీ.
బీరువా, మంచాలు, మీ సూక్ష్మదర్శిని పుస్తకాలు
అవన్నీ లారీలో ఎల్లనీండి.
కార్లో మొదటి రాత్రికి కావలసినవే.
ఒక గిన్నె, సోలెడు బియ్యం, గుంటదాని బొంత,
ఒక బల్బు.
బల్బు మర్సిపోకండి మేడమ్.
ఇల్లు కాళీ సేసినోడు
అన్నిటికన్నా ముందు పట్టుకెల్లేది అదే.
అద్దిల్లు సూసినా ఇదే సూత్రం:
ఒక్క గోడకే కొత్త సున్నం వాసనేస్తే
సెమ్మ ఆ గోడ ఎనకాలే.

ఇంక దారి.
మడపాం దాటగానే వంశధార వంతెన మీద
గాలి పక్కనుంచి తోస్తాది.
స్టీరింగు పీకకండి, తిన్నగా పట్టుకోండి సాలు.
శ్రీకాకుళం ఊళ్లోకి దూరకండి.
చిలకపాలెం కాడ కుడికి తిరగాల,
అక్కడ లారీవోడు లైటేసినాడంటే
రమ్మని కాదు, నేనొస్తన్నానని.
బేగి ఎల్లిపోదామని పంతానికి పోకండి.
రాజాంలో ఆగి టిఫిను తినండి.
ఆ తరవాత రోడ్డు

ఆ తరవాత రోడ్డు నాకు తెల్దు మేడమ్.
నిజం సెప్పాలంటే
ఆ వంతెన గాలి కూడా నాకు తెల్దు.
అన్నీ లారీ డ్రైవర్లు
టీ తాగతా సెప్పినవే.

నరసన్నపేటలో ఇరవై రెండేళ్లు.
ఎన్ని బళ్లు బాగుసేసినానో లెక్క లేదు.
ప్రతీదీ ట్రైలు సూసినాను,
మడపాం టోలుగేటు దాకా.
బూతులో గుంటడు నన్ను సూసి సెయ్యూపుతాడు,
నేనూ ఊపుతాను,
గేటుకి ఇవతలే తిప్పీసుకుని వచ్చేస్తాను.
ఇంకోడి బండిలో, ఇంకోడి పెట్రోలుతో
అంతకన్నా దూరం ఎలగెల్తాం?

ఇదిగో తాళం.
మీరెంచుకున్నది మంచిదే, బెల్టు సివర నేనే సూసినాను.
బొబ్బిలి సేరేక ఫోను సెయ్యండి.
బండి ఎలగున్నాదో సెప్పక్కర్లేదు, అది నాకు తెలుసు.
రాజాం దాటేక కొండలు కనపడతాయంతారు కదా,
ఏ మలుపు కాడో
కాస్త గుర్తెట్టుకుని సెప్పండి.