రెండో ఆదివారం లోపల

యార్డులో చీనీ టన్ను పదకొండు వేలకు పడిపోయిన రోజు
ఆటో మౌలాలి నా టేబుల్ ముందర నిలబడి
తూకం చీటీ అడగకుండా
సంఘంలో చేరతావా అన్నాడు.
ఏ సంఘమప్పా, చీటీలదా?
కాదు, పులిసేది.

రుద్రంపేటలో ఒక మిద్దె మీద,
నెలకు రెండో ఆదివారం, సాయంత్రం నాలుక్కు.
చందా రెండు నూర్లు.
ఎవరి జాడీ వాళ్లే తెచ్చుకోవల్ల.
టెలిఫోన్ స్తంభాలెక్కి దిగి రిటైరైన ఓబుళపతి,
సీసాలను ఆసుపత్రి లెక్కన ఉడకబెట్టే నర్సు ఎస్తేరమ్మ,
చుక్క తాగడు గానీ వాసనకు వచ్చే బ్యాంకు శరభయ్య,
ఆయన మేనల్లుడు, మౌలాలి.
"అమ్మేది ల్యా, కొనేది ల్యా.
మనం చేసింది మనమే రుచి జూసుకునేది.
నీకు కాయ తెలుసు, నువ్వుంటే బాగుంటాది."

కాయ తెలుసు, నిజమే.
బొటనవేలితో నొక్కితే
ఎన్ని తడులు తప్పిందో చెప్తాను.
మంగు పట్టిన కాయకు లోపల తీపి తగ్గదు.
చెప్పినా వినే సేటు లేడు.

ఊరికే చూసొద్దామని ఒకసారి పోయినాను.
గోనెపట్టా కప్పిన జాడీలు తొమ్మిది.
ఒక్కోదానికి కాగితం అంటించి
తేదీ, చక్కెర ఎంత, ఆ రోజు ఎండ ఎంత.
చీనీది, దానిమ్మది, అల్లనేరేడుది.
ఒకదాంట్లో కొర్రలు,
అది చెడిపోయింది, అయినా పారబోయలేదు,
ఎందుకు చెడిందో తేల్చుకోవల్లంట.
ఎస్తేరమ్మ పట్టా ఎత్తి
"చెవి పెట్టి చూడు సామీ" అంది.

పెట్టినాను.

చిటచిట.
వేడి పెనం మీద ఉప్పు చల్లినట్టు,
అంతకన్నా మెల్లగా.
ఈ చప్పుడు నాకు తెలుసు.

మా అవ్వ సుంకులమ్మ
కుండ మూతికి చెవి ఆనించి కండ్లు మూసుకునేది.
"ఇంకా మాట్లాడతాండాది,
రేపటికి మూగబోతాది" అనేది.
బెల్లం, తుమ్మ చెక్క, నీళ్లు.
కొలత అరచెయ్యి, గడియారం చుక్క పొడుపు.
ఆమెకు నోటుబుక్కు లేదు.
ఆమె పేరు రాసిన బుక్కు ఒకటే,
ధర్మవరం స్టేషన్లో ఉండేది.
కుండలు పగలగొట్టిన రోజు
వాకిలంతా తీపి పారింది.
చీమలు మూడు దినాలు పోలేదు.
నాకు తొమ్మిదేండ్లు, వాటిని లెక్కబెడతా కూర్చున్నాను.

ఆమె కాచింది తాగి
గట్టు మీద పండుకున్న మా చిన్నాయన
మళ్లీ లేయలేదు.
ఇదీ చెప్పుకోవల్ల,
చెప్పకుంటే అవ్వకు గుడి కట్టినట్టయితాది.

మిద్దె మీద ఎవరికీ చెప్పలేదు.
"మాకిదొక సరదా" అని శరభయ్య అన్నప్పుడు
ఆ మాట చీనీ గింజ మాదిరి గొంతులో ఇరుక్కుంది.
సరదా.
జరిమానా కట్టను మేము మేకనమ్మినాం.

ఇంట్లో చెప్తే ఈరమ్మ
"రెండు నూర్లు పెట్టి కంపు కొనుక్కుంటావా?
ఇరవై ఏండ్లు దోసెపిండి పులియబెడతాండా,
నాకెవురూ సంఘం పెట్టల్యా" అంది.
దానికి నా దగ్గర జవాబు లేదు.

జాడీ మాత్రం కొన్నాను.
పాతూరులో, మూత గట్టిగా పట్టేది, మూడు లీటర్లది.
కొన్నంత మాత్రాన చేరినట్టు కాదని
దారి పొడుగునా చెప్పుకుంటా వచ్చినాను.

శనివారం రాత్రి
ఎవరూ కొనక వదిలేసిన కుప్పలోంచి
మంగు కాయలు ఇరవై ఏరుకొచ్చినాను.
తాడిమర్రి రైతువి.
లారీ బాడుగ కూడా రాలేదని
బీడీ అయిపోయేదాకా నిలబడి
కాయల వైపు చూడకుండా పోయినాడు.

వలుస్తాంటే గోళ్ల సందుల్లో మండింది.
ఈరమ్మ వచ్చి ఎదురుగా కూర్చొని
గింజలు తీయబట్టింది.
"గింజ పడితే చేదొస్తాది."
అంతే, ఇంకేం అనలేదు.

రెండు నూర్లు ఇంకా చొక్కా జేబులోనే ఉన్నాయి.
దీపం ఆర్పేముందు జాడీకి చెవి పెట్టినాను.
ఏమీ లేదు.
మొదటి రాత్రి కుండ మాట్లాడదని
అవ్వ అనేది.