రాత్రి ఎన్నింటికి పడుకుంటారు?

ఏం పుస్తకం కావాలని నేనడగను.
పెరంబూరు స్టేషన్ వెనక సందులో
టైర్లకు గాలి కొట్టే కొట్టుకూ, ఇడ్లీపిండి రుబ్బే మిషనుకూ నడుమ
ఎనిమిదడుగుల వెడల్పు నా అద్దె పుస్తకాల గది.
వచ్చినవాళ్లను బల్ల మీద కూచోబెట్టి
ముందు ఇదే అడుగుతాను:
రాత్రి ఎన్నింటికి పడుకుంటారు?
లైటు ఆర్పమని గొణిగేవాళ్లు పక్కన ఉన్నారా?
రెండు చేతులూ ఖాళీయేనా,
ఒకటి ఊయల తాడు మీదుంటుందా?

అభిరుచి అంటారే, అది తర్వాతి మాట.

ప్యారీస్‌లో లెక్కలు రాసే దామోదరానికి
ఒంటిచేత్తో పట్టుకోగల బరువే ఉండాలి,
రెండో చెయ్యి రైలు కమ్మీది.
కథ పెరంబూరులో మొదలై
బేసిన్ బ్రిడ్జికి ముందు సిగ్నల్ లేక బండి ఊరికే ఆగుతుందే,
అక్కడికి ముడి విప్పుకోవాలి.
"హంతకుడు దొరికేలోపు సెంట్రల్ వచ్చేసింది సార్,
సాయంత్రందాకా ఆఫీసులో అందర్నీ అనుమానించాను"
అని ఓ సోమవారం ఫిర్యాదు.
నాలుగు పేజీలు తక్కువున్న హత్య వెతికిచ్చాను.

తొమ్మిదేళ్ల తరుణ్‌కి దయ్యాలు కావాలి.
వాడికి నీతి కావాలని వాళ్లమ్మ.
నీతి చెప్పే దయ్యం ఒకటుంది నా దగ్గర.
ఇద్దరికీ నచ్చలేదు.

వరదొచ్చిన డిసెంబరుదాకా
పిల్లల పుస్తకాలు కింది అరలో ఉండేవి,
చేతికందాలని.
నీళ్లూ అంత ఎత్తుకే వచ్చాయి.
బురదలో చెయ్యి పెట్టి లాగితే
ఏనుగులూ రాజకుమార్తెలూ ఒకే ముద్దగా లేచాయి.
ఇప్పుడవి పై అరలో. కింద స్టూలు.
ఎక్కి తీసుకుంటున్నారు.
పడ్డవాళ్లూ ఉన్నారు.

నేను తప్పింది వకుళమ్మగారి విషయంలో.
భర్త పోయి నలభై రోజులు.
ఏమీ అడక్కుండా, నా తెలివితో నేనే,
నవ్వించే నవల చేతిలో పెట్టాను.
మూడోనాడే తెచ్చి బల్ల మీద పెట్టారు.
"నవ్వొచ్చిందండీ. పైకే నవ్వాను.
ఇల్లంతా వినబడింది."
గ్రైండరు ఆగినదాకా ఇంకేమీ అనలేదు.
తర్వాత,
"ఇదివరకు చదివేసినవే ఇవ్వండి.
ఎవరు పోతారో ముందే తెలిసుండాలి."
ముప్ఫై ఏళ్లుగా పుస్తకాలు ఎంచి ఇస్తున్నవాణ్ణి,
అటక మీది పాత రిజిస్టర్లు దింపి
ఆవిడ సంతకాల వెంబడి
వేలు పెట్టుకుంటూ నడిచాను.

ఇక పునీత. ప్లస్ టూ.
ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం.
"చదవను వస్తా ఉండాది, కానీ నత్త మాదిరి" అంది.
బొమ్మల పుస్తకం ఇవ్వబోతే మొహం మాడ్చుకుంది.
నిజమే,
అక్షరాలకు ఆరేళ్లయితే మనిషికి పదిహేడు.
అయిదొందల పేజీల నవల తీసి,
పరీక్షలో స్లిప్పు అందించినట్టు గొంతు తగ్గించి చెప్పాను:
"వర్ణనలు వదిలెయ్.
కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నదే చదువు.
అది మీ అవ్వ మాట్లాడే తెలుగే."
రెండు నెలలకు తెచ్చింది, అట్ట మీద సాంబారు మరకతో.
"తాతా, ఆ పిల్ల రైలెక్కకుండా ఎందుకు వెనక్కొచ్చిందో
మాటల్లో యాడా లేదే."
"మరి?"
"మధ్యలో ఉండాదేమో."
మళ్లీ అదే పుస్తకం పట్టుకుపోయింది.
ఆలస్యానికి అపరాధం రాయలేదు నేను.

ఎవరికీ చెప్పని పుస్తకం ఒకటుంది.
వెనక అంటించిన గళ్ల కాగితం మీద
తేదీ ముద్ర ఒక్కటీ పడలేదు.
బాగోలేక కాదు.
ఏటా వానల్లో ఒకసారి తీసి చదువుకుంటాను.
బాలేదని ఎవరైనా తిరిగిచ్చారా,
మర్నాడు వాళ్ల కోసం
ఇంత ఓపిగ్గా అరలు వెతకగలనో లేదో నాకు తెలీదు.

మొన్న దామోదరం కంట పడింది.
"సన్నగానే ఉందే! బేసిన్ బ్రిడ్జిలోపు అయిపోతుందా సార్?"

అవదు, అన్నాను.
దాని ముందుకి ఇంకో పుస్తకం జరిపాను.