తవిటయ్య ముక్కు

ఆమదాలవలస కాలేజీ వెనక
కాలవగట్టు గుంటలోంచి
తవిటయ్య హార్లిక్స్ సీసాతో నీళ్ళు తెస్తాడు.
అంతరతామర వేళ్ళకి వేలాడుతూ
దారప్పోగుల్లాంటి హైడ్రాలు.
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
సీసాని కిటికీ వెలుగులో పెట్టి
"పదకొండు, మేడమ్మా" అంటాడు.
ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు.

దానికి కన్ను లేదు, ముక్కు లేదు,
తల అని చూపించడానికి ఏమీ లేదు.
ఒక గొట్టం, చుట్టూ ఆరు చేతులు.
నీటిపురుగు తగిలి, ముల్లు గుచ్చుకుని,
ఆ గాయంలో ఊరిన రసం నీళ్ళలో కలిస్తే
అప్పుడు నోరు తెరుస్తుంది.
అంతవరకూ కుట్టేసిన సంచి.
నోరెక్కడుందో దానికే తెలీదేమో.

ఏటా నవంబరులో పిల్లలకి చూపిస్తాను:
ఉత్త నీళ్ళలో ఆ రసాయనం ఒక్క చుక్క.
పురుగు లేదు, వేట లేదు.
చేతులు మెలికలు తిరుగుతాయి, నోరు విచ్చుకుంటుంది,
లేనిదాన్ని మింగబోతుంది.
క్లాసంతా నవ్వింది.
గురుగుబెల్లి హైమ మాత్రం నవ్వలేదు.
"వాసన చూపించి కూడు పెట్టలేదు మేడం, పాపం కదా" అంది.

తర్వాతి బొమ్మ: మట్టిలో బతికే నులిపురుగులు.
గాజుపళ్ళెం నిండా బాక్టీరియా మేత.
వాసన పట్టే నరం చెడిన పురుగు
ఆ మేతలోనే పొర్లుతూ
తోటివాటికన్నా చిన్నగా మిగిలిపోతుంది.
"నోరు బాగానే ఉంది కదా మేడం?"
బాగానే ఉంది. పేగూ బాగానే ఉంది.
ఎందుకలా అన్నది నాకూ సగమే తెలుసు,
ఆ సగమే బోర్డు మీద రాశాను.

వెనక బల్ల దగ్గర సీసాలు తుడుస్తున్న తవిటయ్య
చేతిలో గుడ్డ ఆపాడు.

రెండేళ్ళ కిందటి జ్వరం అతని ప్రాణం వదిలి
ముక్కుని పట్టుకుపోయింది.
రవణమ్మ మెత్తళ్ళు వేయిస్తే
వీధి చివర పిల్లులకి తెలుస్తుంది,
పొయ్యి పక్కన కూర్చున్న మొగుడికి తెలీదు.
ఆవపెట్టిన కూర, ముంతలో పులిసిన అంబలి,
అతనికి వేడిది, చల్లది, అంతే.
క్యారేజీ సగం తిని మూతపెడతాడు.
బెల్టుకి మేకుతో కొత్త కన్నాలు పొడిచాడు, మూడు.
"బతకనేమోనని పురిట్లోనే
దోసెడు తవుడికి నన్నమ్మేసి మళ్ళీ కొనుక్కుంది మాయమ్మ.
ఇప్పుడు తవుడైనా అన్నవైనా నాకొకటే మేడమ్మా"
అని నవ్వాడు.
నేను హాజరు పుస్తకం కోసం వెతికాను.
అది నా చేతిలోనే ఉంది.

చక్కెర మిల్లు ఆడే రోజుల్లో
రైలు పొందూరు దాటగానే
మడ్డి వాసన పెట్టెలోకి ఎక్కేది.
నిద్రలోనే జనం చెప్పులు వెతుక్కునేవారు.
మిల్లు మూసేశాక
ఈ ఊరు కాస్త చిక్కినట్టు
నాకొక్కదానికే అనిపిస్తుందా?

మొన్న శుక్రవారం
సెలవుల ముందు మరిచిపోయిన నత్తల బక్కెట్టు
మూత తీశాడు.
నేను చీరకొంగు మూతికి కట్టుకుని
వరండాలోకి పరిగెత్తాను.
తవిటయ్య వంగాడు. లేచాడు.
మళ్ళీ వంగాడు, ఈసారి కావాలని.
"కంపు, మేడమ్మా!
నత్తల కంపొస్తంది!"
నూకాలమ్మ ఎదురొచ్చినట్టు మొహం.

బక్కెట్టు పారబోసి, చేతులు రెండుసార్లు కడిగి,
గుమ్మంలో నిలబడ్డాడు.
"క్యారేజీ ఇప్పుడే తినీమంతారేటి?"
గోడ గడియారంలో పదింబావు.
సింకు పక్కనే నిలబడి తిన్నాడు,
మెత్తళ్ళు ఒక్కొక్కటే ముక్కు దాకా తెచ్చి, ఆగి.
కొన్నింటికి తల అడ్డంగా ఊపాడు.
కొన్నింటికి ఊపలేదు.

ఈలోగా సీసా నేను వెలుగులో పెట్టాను.
పదకొండు.
ఒకదాని నడుం దగ్గర చిన్న మొలక,
అప్పుడే చేతులు వస్తున్నాయి దానికి.
దాన్ని పన్నెండని రాయాలా అని అడగబోయి
ఆగాను.
అతని నోటినిండా అన్నముంది.