అలక

బెజవాడలో గేట్లెత్తిన మూడోనాడు
నా తెర మీద సముద్రం అడుగు అలిగింది.

నిజంగానే.
సోనార్ గీసిన ప్రతి పట్టీ
రెండు చివర్లా కిందికి వాలి
మూతి ముడిచింది.
చదునుగా పడుకోవాల్సిన ఒండ్రు
ఎవరో ఏదో అన్నట్టు అటు తిరిగింది.

"డేటా పాడైంది, మళ్లీ చూడు."
ఫణీంద్ర, ఆటోనగర్ ఆఫీసులోంచి.

నేనుండేది రాణిగారితోటలో,
వరద గోడకి ఇవతల మూడో ఇల్లు, పై వాటా.
ఈత రాదు.
సముద్రంలోకి ఒక్కసారే దిగాను, మంగినపూడిలో, మోకాళ్ల దాకా.
చెప్పులు పోయాయి.
అయినా ఏటిమొగ అవతల
ఎక్కడ గుంటుందో, ఎక్కడ ఇసుక మేటేసిందో
మా వీధి గతుకులకన్నా బాగా తెలుసు.

చెప్పేది రెండు పడవలు. మనిషి లేనివి.
పసుపుది పైన తిరుగుతుంది,
పత్తిచేలో అచ్చు తోలినట్టు
పోయిన సాలు పక్కనే తిరిగొస్తూ,
అదిలించేవాడెవడూ లేకుండా.
రెండోది మునుగుతుంది.
మునిగాక దానికి ఆకాశం లేదు, సిగ్నల్ లేదు,
తన అడుగులు తనే లెక్కపెట్టుకుంటూ పోతుంది
కరెంటు పోయిన ఇంట్లో మనం అగ్గిపెట్టె కోసం నడిచినట్టు.
ఆరు గంటలకి తేలి
ఇదిగో ఇక్కడున్నా అంటుంది.
ఎప్పుడూ కొంచెం పక్కన ఉంటుంది.

ఆ కొంచెం సరిచేయడమే నా ఉద్యోగం.

ఆ రాత్రి అలక తీర్చలేకపోయాను.
పోటు తీసేశాను. పాటు తీసేశాను.
కెరటం ఊపుని, పడవ ఒరుగుని,
చేపల గుంపు వేసిన చుక్కల్ని ఏరి పారేశాను
బియ్యంలో రాళ్లేరినట్టు.
మూతి అలాగే ఉంది.

తెల్లారుజామున
పడవల్ని దించి ఎక్కించే కొక్కిలిగడ్డ లంకయ్యకి ఫోన్ చేశాను.
"అక్కడేం కనబడతంది బాబాయ్?"
"ఎర్రనీళ్లమ్మా. మీ ఊరియ్యే.
పైన తీపి, కింద ఉప్పు.
ఎంటనే కలవ్వు అయ్యి, కొత్త ఇయ్యపురాళ్ల లెక్క.
నోట్టో ఏసుకుని మరీ చూశా."

పదిహేను లక్షల సెన్సరు ఒడ్డున పెట్టెలో ఉంది.
దించమని ఎవరూ చెప్పలేదట.

తీపినీట్లో శబ్దం నెమ్మది.
ఉప్పులోకి దిగేచోట ఉరుకందుకుని పక్కకి వంగుతుంది.
నేనేమో గీత తిన్నగా పోయిందనుకుని
లేని లోతు రాశాను చివర్లలో.
పడవ అబద్ధమాడలేదు.
అడుగు అలగనూ లేదు.
మధ్యలో కృష్ణ ఉంది, అంతే.

లంకయ్య సెన్సరు దించాడు,
కొత్త వేగాలు పంపాడు.
టీ చల్లారేలోపు నేల చదునైంది.
చెప్పొద్దూ, కాస్త బోసిగా అనిపించింది.

కారణం అనే గడిలో
నలభై అక్షరాలే పడతాయి.
"నీళ్లు మారాయి" అని రాశాను.
ఫణీంద్ర అదీ కొట్టేసి ఏదో అంకె వేశాడు.

సాయంత్రం డాబా ఎక్కాను.
గోడకవతల ఇంకా అదే రంగు, అదే జోరు.
మొన్న ఇక్కడినుంచి పోయిన నీళ్లే
నిన్న రాత్రి నాకు నిద్ర లేకుండా చేసినవి.
తారకరామనగర్ వాళ్లదేమో, ఓ ఆకుపచ్చ బకెట్
తిరుగుతూ తిరుగుతూ పోతోంది.

పో.
శనివారానికి నా దగ్గరికే వస్తావు,
పసుపు పడవ చూసి చెబుతుంది.
చేపవో బకెట్‌వో తెలియక
నిన్ను చెరపాలో ఉంచాలో
అప్పుడు ఆలోచిస్తాను.