మూడు వేళ్ళ దూరం

ఇరవయ్యారేళ్ళు పంటు నడిపాను,
సఖినేటిపల్లి రేవుకీ నరసాపురం రేవుకీ మధ్య.
ఎర్రనీరు పొంగి, లారీలతో సహా పంటు తూలిన రోజుల్లోనూ
నా కడుపులో చుక్క కదల్లేదు.
ఎందరి చేతుల్లోనో నిమ్మకాయ పెట్టాను.
"నీళ్ళకేసి కాదండీ, ఒడ్డుకేసి చూడండి" అన్నాను.

ఇవాళ గచ్చు మీద
కదలని ఇనప మంచం మీద
నాకు ఒడ్డు కనబడ్డం లేదు.

గాల్ బ్లాడర్లో రాళ్ళు తీసేశారు.
సీసాలో వేసి చూపించారు, శనగబద్దలంతేసి.
అడుగున బరువు తీసేసిన నావ
మరీ ఎక్కువ ఊగుతుంది. అది తెలిసిందే.
మత్తుమందు చేదు నాలిక మీదే ఉంది.
దేవినప్పుడల్లా కుట్లు పట్టుకు లాగుతున్నాయి.

కెజియా సిస్టరు వచ్చి గొట్టంలోకి సూదిమందు ఎక్కించింది.
ఎడమ చెయ్యి వెల్లకిలా తిప్పి
మణికట్టు గీత పక్కన మూడు వేళ్ళు అడ్డంగా పెట్టించింది,
నావే, తనవి కాదు.
"ఎవరి చేతికి వాళ్ళ వేళ్ళే కొలత.
ఇదిగో, రెండు నరాల మధ్య ఈ పల్లం.
బొటనవేలితో నొక్కి ఉంచండమ్మా, మరీ నొప్పెట్టేలా కాదు.
మందు పని మందుది, దీని పని దీనిది.
కొందరికి తగ్గుతుంది, కొందరికి అంతగా తెలీదు."

నూకరత్నం స్టూలు జరుపుకుంది.
లేసు అల్లీ అల్లీ కాయకాసిన బొటనవేలు.
పల్లం వెతుక్కోవడానికి దానికి క్షణం పట్టలేదు.
పెదాలు కదులుతుంటే
ముత్యాలమ్మకి మొక్కుతోందనుకున్నాను.
కాదు, గొలుసుకుట్లు లెక్కపెడుతోంది.
నూట నలభై, నూట నలభై ఒకటి.
ఇంట్లో సగంలో ఆగిన బల్లగుడ్డ
బేరగాడికి శనివారానికి ఇవ్వాలట.

పక్క మంచం మీద పాలకొల్లు మేస్త్రి ఇటే చూస్తున్నాడు.
నలుగురిలో ఈవిడ నా చెయ్యి పట్టుకున్నది
పెళ్ళిలో ఒకసారి, అదీ పంతులు పట్టుకోమంటే.
మళ్ళీ ఇప్పుడు, సిస్టరు పట్టుకోమంటే.

మధ్యలో ఒకసారి బేసిను అడిగాను.
రెండోసారి అడిగి, వద్దన్నాను.

కిటికీలో చీకటి పలచబడింది.
రేవులో మొదటి పంటు ఇంజను దగ్గి అందుకుంది.
ఎవడో కొత్తవాడు, గేరు తొందరపడి వేశాడు.
రెండు చెంచాల నీళ్ళు లోపలే నిలబడ్డాయి.

సూది వల్లో, వేలి వల్లో
డాక్టరుగారు అడిగితే చెప్పలేను.
దేవడం ఆగి గంట దాటింది.
నూకరత్నం ఇంకా లెక్కపెడుతూనే ఉంది.

నేనింకా చెప్పలేదు.